భర్త సంతకం లేకపోతే అబార్షన్ చేయరా? గోప్యత మాటేమిటి? (విశాఖపట్నం)

తీరం_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది గాజువాక వైపు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా రెండేళ్లు నిండలేదు. మా ఆయన మర్చంట్ నేవీ, పోయిన నెలే ఓడ ఎక్కారు. ఆయన వెళ్లాకే తెలిసింది మళ్లీ నెల తప్పిందని. కండోమ్ వాడుతున్నా ఇలా అయింది. స్కానింగ్‌లో ఎనిమిది వారాలన్నారు. ఇప్పుడు వద్దని ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుని నిర్ణయించుకున్నాం.

ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి ఎందుకొచ్చారని అడిగితే మెల్లగా చెప్పాను. ఆవిడ లోపలికి వినపడేలా "మేడమ్, అబార్షన్ కేసు, హస్బెండ్ రాలేదంట" అని అరిచింది. హాలు నిండా జనం. అందులో మా వీధి ఆవిడ కూడా ఉంది. లోపల డాక్టరు గారు భర్త సంతకం, ఇద్దరి ఆధార్ కార్డులు తెమ్మన్నారు. ఆయన ఓడ మీద ఉన్నారంటే "అయితే మీ అత్తగారినో మామగారినో తీసుకురండి" అన్నారు. మా అత్తగారు మగపిల్లాడి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. ఆవిడకి తెలిస్తే ఈ ఇంట్లో నాకు మనశ్శాంతి ఉండదు.

నిజంగా చట్టంలో భర్త సంతకం ఉందా? మన పేరు బయటికి రాకుండా చేయించుకునే దారి ఉందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

ఎంవీపీ_పిన్ని:
అమ్మా, ముందు టెన్షన్ పడకు. వేళకి తిను. ఆ కౌంటర్లో పిల్ల చేసిన పని తలుచుకుంటే నా రక్తం మరిగిపోతోంది. ఇక్కడ వకీలు గారున్నారు, డాక్టరమ్మ ఉన్నారు, చెప్తారు. నువ్వు తప్పు చేసినట్టు తల దించుకోకు.

కోర్టు_మెట్లు:
తీరం గారూ, నేను విశాఖలో న్యాయవాదిని. సూటిగా చెప్తాను. భర్త సంతకం అవసరం లేదు. అత్తమామల సంతకం అసలే అవసరం లేదు. 1971 నాటి మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం, మనవాళ్లు ఎంటీపీ యాక్ట్ అంటారు, సెక్షన్ 3(4) చదవండి. పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీ అయితే ఆమె ఒక్కరి సమ్మతి చాలు. ఆ సమ్మతి పత్రం పేరు ఫారం సి. అందులో తండ్రి పేరో భర్త పేరో రాసే చోటు ఉంటుంది, ఎందుకంటే అది మీ వివరాల్లో భాగం. సంతకం మాత్రం మీదొక్కటే.

ఇరవై వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణకి ముందు పన్నెండు వారాలు దాటితే ఇద్దరు కావాల్సి వచ్చేది. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని అని చట్టమే భావిస్తుంది. అంతకుముందు ఆ వాక్యంలో "వివాహిత స్త్రీ, ఆమె భర్త" అని ఉండేది. 2021లో "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. మీ విషయం ఏ రకంగా చూసినా చట్టం లోపలే ఉంది.

ఇక గోప్యత. అదే సవరణతో సెక్షన్ 5ఎ వచ్చింది. గర్భం తీయించుకున్న స్త్రీ పేరు, వివరాలు చట్టం అధికారం ఇచ్చినవాళ్లకి తప్ప ఎవరికీ డాక్టరు చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చట్టంలో అంత గట్టిగా రాసుకుని, కౌంటర్లో మైకు పెట్టినట్టు అరిస్తే ఇంకేం మిగిలింది? నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. హక్కు లేదని ఎవరూ అనరు, దాన్ని వాడుకునే దారిలోనే మనిషిని అవమానిస్తారు.

స్టెతస్కోపు:
నేను గైనకాలజిస్టుని. వకీలు గారు చెప్పినది నిజం. అయినా డాక్టర్లు భర్త సంతకం ఎందుకు అడుగుతారో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. భయం. రేపు మొగుడొచ్చి గొడవ చేస్తాడని, బంధువులొచ్చి అద్దాలు పగలగొడతారని. ఇంకొకటి, మన దేశంలో గర్భస్రావం మొదట నేరం, తర్వాతే మినహాయింపు. పాత ఐపీసీ 312 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 88 అయింది. ఎంటీపీ చట్టం పాటించిన డాక్టరుకి ఆ నేరం వర్తించదు, అంతే. తల మీద కత్తి వేలాడుతుంటే మనిషి చేతికందిన కాగితమల్లా పోగేసుకుంటాడు. ఇది సమర్థన కాదు, కారణం. సుప్రీంకోర్టు 2022 తీర్పులో ఇలా చట్టంలో లేని షరతులు పెట్టొద్దని డాక్టర్లకి స్పష్టంగానే చెప్పింది.

తీరం గారూ, మీకు ముఖ్యమైనది సమయం. వారాలు లెక్కపెట్టేది ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి. తొమ్మిది వారాల దాకా మాత్రలతో అవుతుంది. అది దాటితే సాధారణంగా వాక్యూమ్ పద్ధతి, అదీ చిన్న ప్రక్రియే. ప్రభుత్వ ఆసుపత్రికి ఈ చట్టం కింద విడిగా అనుమతి అక్కర్లేదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, వన్‌టౌన్‌లో ఘోషాసుపత్రి ఉంది. ప్రైవేటుకే వెళ్తే ఆ చోటుకి ఎంటీపీ అనుమతి ఉందో లేదో అడగండి. స్కానింగ్ రిపోర్టు, బ్లడ్ గ్రూపు కాగితం దగ్గర పెట్టుకోండి. నెగెటివ్ గ్రూపు అయితే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

సింహగిరి_భక్తుడు:
నేను ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. కానీ ఇంతమంది రాస్తున్నారు, కడుపులో ఉన్న ప్రాణం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మన పెద్దలు భ్రూణహత్యని మహాపాపం అన్నారు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోది వస్తే అది దేవుడిచ్చినదే అనుకోవచ్చు కదా. తల్లికి ప్రాణం మీదికి వస్తే వేరు. ఇది అలాంటిది కాదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మంచిదైపోతుందా?

ఎంవీపీ_పిన్ని:
నాయనా, నేనూ అప్పన్న చందనోత్సవానికి క్యూలో నిలబడేదాన్నే. నీ నమ్మకం నీ ఇంట్లో నీ భార్యతో మాట్లాడుకో, ఆవిడ కూడా అలాగే అనుకుంటే సంతోషం. ఈ పిల్ల మొగుడు ఏడాదిలో సగం సముద్రం మీదే ఉంటాడు. ఇద్దరు చిన్నపిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతోంది. మూడోదాన్ని మోసేది ఆవిడ, కనేది ఆవిడ, రాత్రుళ్లు లేచేది ఆవిడ. నువ్వో నేనో లేచి పాలు పట్టం కదా.

స్టెతస్కోపు:
భక్తుడు గారూ, "తల్లికి ప్రాణం మీదికి వస్తే వేరు" అన్నారు. ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరు చెప్తారు? కర్ణాటక నుంచి వెళ్లి ఐర్లాండ్‌లో స్థిరపడిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012లో గాల్వేలో చనిపోయారు. పదిహేడు వారాల గర్భం, నిలబడదని తేలిపోయింది. అబార్షన్ చేయమని ఆమె అడిగారు. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి ఇప్పుడే చేయలేమన్నారు. సెప్సిస్ వచ్చింది, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. ప్రాణం మీదికి వచ్చిందని నిర్ధారించుకునే లోపు ప్రాణం పోయింది. 2018లో ఆ దేశ ప్రజలు ఓటేసి రాజ్యాంగమే మార్చుకున్నారు. డాక్టరుగా ఆ ఉదంతం నా మనసులోంచి పోదు.

పోర్టు_ఉద్యోగి:
ఒక మగవాడిగా అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఈ కేసులో భర్తకి తెలుసు, ఒప్పుకున్నాడు. కానీ తెలియకుండా చేయించుకుంటే? ఆ బిడ్డ అతనిది కూడా కదా. భార్యాభర్తల మధ్య దాపరికం మంచిదా?

కోర్టు_మెట్లు:
మంచి ప్రశ్నే. మంచిదా కాదా అన్నది ఆ ఇద్దరి సంసారానికి సంబంధించినది. ఆపే అధికారం ఉందా అంటే లేదు. పంజాబ్, హర్యానా వైపు ఒక భర్త, తన సమ్మతి లేకుండా భార్యకి అబార్షన్ చేశారని భార్య మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారం దావా వేశాడు. హైకోర్టు కొట్టేసింది, 2017లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అయితే ఇంకో సంగతి దాచను. 2007లో సమర్ ఘోష్ కేసులో అదే సుప్రీంకోర్టు, వైద్య కారణం లేకుండా భర్తకి తెలియకుండా అబార్షన్ చేయించుకోవడం విడాకుల కేసులో మానసిక క్రూరత్వం కావచ్చు అని రాసింది. అంటే ఆపలేడు గానీ తర్వాత విడాకుల కోర్టుకి ఆ మాట పట్టుకెళ్లగలడు. ఆ వాక్యం ఇవాళ్టికీ స్త్రీల మెడకి చుట్టుకుంటోంది. 2022 తీర్పు వచ్చాక దాన్ని మళ్లీ పరిశీలించాలని నా గట్టి అభిప్రాయం.

వైద్యమిత్ర_77:
[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకులు:
పై పోస్టులో ఫోన్ నంబరు ఇచ్చి "కాగితాలేమీ అక్కర్లేదు, రేటు మాట్లాడుకుందాం" అని రాశారు. తొలగించి ఖాతా ఆపేశాం. దయచేసి ఇలాంటివాళ్లకి ప్రైవేటు మెసేజ్ పెట్టకండి. ఆసుపత్రుల మీద ఫిర్యాదు రాసేటప్పుడు పేర్లు, వీధి గుర్తులు వద్దు. తీరం గారూ, మీ మొదటి పోస్టులో పిల్లల స్కూలు ఏ ప్రాంతమో ఉంది, ఎవరైనా గుర్తుపడతారని అది తీసేశాం.

మందుల_కొట్టు:
మాది మర్రిపాలెం వైపు మెడికల్ షాపు. వారంలో కొందరైనా వస్తారు, ఎక్కువగా మగవాళ్లు, చీటీ లేకుండా అబార్షన్ మాత్రల కిట్ ఇమ్మని. ఇవ్వను. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ ఉండాలి. పక్క షాపులో ఎక్కువ డబ్బు తీసుకుని ఇస్తారని నాకు తెలుసు. ఒకమ్మాయి ఏడుస్తూ అంది, "అన్నా, ఆసుపత్రికి వెళ్తే నా పేరు రాస్తారు, నువ్వైతే రాయవు కదా" అని. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నైట్‌డ్యూటీ_నర్సు:
అన్నా, నువ్వు ఇవ్వకపోవడమే మంచి పని. నేను లేబర్ వార్డులో చాలా ఏళ్లుగా ఉన్నాను. కిట్ వేసుకుని రక్తం ఆగక వచ్చినవాళ్లని చూశాను. ఒకావిడకి గర్భం గర్భసంచిలో లేదు, ట్యూబులో ఉంది. ఆ మాత్రలు దాని మీద పనిచేయవు. స్కాన్ చేయించుకోకుండా వేసుకుంది, రక్తం పోతుంటే మాత్రల వల్లే అనుకుంది, లోపల ట్యూబు పగిలింది. అర్ధరాత్రి థియేటర్‌లోకి తీసుకెళ్లి బతికించారు. తెల్లారాక ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, "మా ఊళ్లో ఎవరికైనా తెలిసిందా?" అని.

పేరు రాస్తారన్న భయం గురించి చెప్తాను. సరిగ్గా నడిచే చోట పద్ధతి ఇది. అడ్మిషన్ రిజిస్టరులో పేరు రాసి ఒక వరుస సంఖ్య ఇస్తాం. కేస్‌షీటు మీద, థియేటర్ రిజిస్టరులో, ఫాలోఅప్ కార్డు మీద ఆ సంఖ్యే ఉంటుంది, పేరు ఉండదు. సమ్మతి పత్రం, డాక్టరు అభిప్రాయం కవరులో పెట్టి సీలు వేసి రహస్యం అని రాస్తాం. ఆ రిజిస్టరు తాళం వేసి ఉంటుంది, వార్డు బల్ల మీద పడేసి ఉండదు. ఈ పద్ధతి ఉందని అమ్మాయిలకి ఎవరూ చెప్పరు. చెప్పి ఉంటే సగం మంది మెడికల్ షాపు మెట్లు ఎక్కరు.

ఏయూ_క్యాంపస్:
నాది కూడా ఒక ప్రశ్న, నా స్నేహితురాలి కోసం. పెళ్లి కాకపోతే ఇవన్నీ వర్తిస్తాయా? హాస్టల్లో, కాలేజీలో, ఇంట్లో చెప్తారా? వయసు ఇరవై దాటింది.

కోర్టు_మెట్లు:
వర్తిస్తాయమ్మా. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు సరిగ్గా దీని మీదే. మణిపూర్ అమ్మాయి, పెళ్లి కాలేదు, తోడున్నవాడు చివర్లో వదిలేశాడు, ఇరవై వారాలు దాటింది. ఢిల్లీ హైకోర్టు కాదంది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలాల ధర్మాసనం చట్టం కొందరు స్త్రీలకి ఇచ్చే ఇరవై నాలుగు వారాల వెసులుబాటు విషయంలో పెళ్లైనవాళ్లు, కానివాళ్లు అన్న తేడా చెల్లదని చెప్పింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం కింద లెక్కించమంది. మీ స్నేహితురాలు మేజర్ కాబట్టి తల్లిదండ్రులకి గానీ హాస్టల్‌కి గానీ చెప్పే పని డాక్టరుకి లేదు.

పద్దెనిమిది లోపు అయితే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకి తెలియజేయాలి. అక్కడ కూడా అదే తీర్పు ఒక దారి తెరిచింది. అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, గుర్తింపు వెల్లడించక్కర్లేదు.

డాలస్_వైజాగ్:
నేను పుట్టి పెరిగింది సీతమ్మధారలో, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటాను. మీరు సెక్షన్లు చదువుతుంటే నాకు కడుపులో దేవినట్టుంది. ఇక్కడ 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చింది. ఆ కేసు పుట్టిందే టెక్సస్‌లో. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది స్త్రీ గోప్యత హక్కులో భాగమని ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు తేల్చారు. దాదాపు యాభై ఏళ్లు అదే నిలబడింది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో దాన్ని కొట్టేశారు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకోమన్నారు. ఇక్కడ ఇప్పుడు దాదాపు పూర్తిగా నిషేధం. దానికి ముందే, 2021లో వచ్చిన టెక్సస్ చట్టం అబార్షన్‌కి సాయం చేసినవాళ్ల మీద ముక్కూమొహం తెలియనివాడు కూడా దావా వేసి కనీసం పదివేల డాలర్లు రాబట్టుకోవచ్చని చెప్పింది. కారులో దింపినవాళ్ల మీద కూడా వేయొచ్చేమోనని జనం వణికిపోయారు.

నాకు పోయినేడు గర్భం దానంతటదే పోయింది. ఆ దుఃఖంలో ఉండి కూడా మొదట చేసిన పని, అందులోని వివరాలు నా మీదే వాడతారేమోనని భయపడి ఫోన్లోంచి పీరియడ్ యాప్ తీసేయడం. మా అమ్మ వయసు వాళ్లకి ఇక్కడ ఈ భయం లేదు. మీకున్నది ఎంత విలువైనదో అక్కడ ఉన్నప్పుడు నాకూ తెలియలేదు.

కోర్టు_మెట్లు:
డాలస్ గారూ, చదువుతుంటే మనసు భారమైంది. రెండు దేశాల దారులు చూడండి. మన చట్టం రో కన్నా రెండేళ్లు ముందే వచ్చింది, కానీ హక్కు అని కాదు. శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది, నాటు పద్ధతుల్లో ఆడవాళ్లు చచ్చిపోతున్నారన్నది ఒక కారణం, జనాభా భయం ఇంకో కారణం. డాక్టరుకి అనుమతి ఇచ్చారు, స్త్రీకి హక్కు ఇవ్వలేదు. హక్కు అన్న మాట తర్వాత కోర్టుల నుంచి వచ్చింది. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసు, 2017లో తొమ్మిది మంది జడ్జీల పుట్టస్వామి తీర్పు. ఆ పుట్టస్వామి గారు రిటైరైన హైకోర్టు జడ్జి, ఆధార్‌ని సవాలు చేస్తూనే కోర్టుకి వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కని ఆ కేసులో తేలింది. ఇప్పుడు తీరం గారిని అబార్షన్‌కి ఇద్దరి ఆధార్ కార్డులూ తెమ్మంటున్నారు. ఎంటీపీ చట్టంలో ఆధార్ ఊసే లేదు.

సుచితా కేసు గురించి భక్తుడు గారికి ఒక మాట. అక్కడ చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న అమ్మాయికి, మానసిక ఎదుగుదల కొంచెం తక్కువ, అత్యాచారం వల్ల గర్భం వచ్చింది. అధికారులు తీసేయాలన్నారు, ఆమె బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆమె మాటే చెల్లుతుందని చెప్పింది. ఆడపిల్లని తేలిందని కోడలికి బలవంతంగా అబార్షన్ చేయించేవాళ్లకి కూడా ఇదే అడ్డు. ఆమె సమ్మతి లేకుండా చేయిస్తే న్యాయ సంహిత సెక్షన్ 89 కింద యావజ్జీవం దాకా శిక్ష. ఉంచుకుంటాననే హక్కుకీ వద్దనే హక్కుకీ వేరు ఒకటే.

సింహగిరి_భక్తుడు:
ఆ కేసు నాకు తెలియదు. నా అభిప్రాయం మారలేదు. కానీ హాల్లో అలా అరవడం మాత్రం ఎవరికీ జరగకూడదు. ఆ విషయంలో నేను తీరం గారి పక్షమే.

పెందుర్తి_ఆశా:
నేను ఆశా కార్యకర్తని. ఒక మాట చెప్పాలి. నెల తప్పినవాళ్ల పేర్లు రాసుకోవడం మా పని, టీకాలకీ మందులకీ అది కావాలి. కానీ పేరు ఎక్కాక ఆ గర్భం ఏమైందో పై నుంచి అడుగుతూనే ఉంటారు. మేము ఇంటికి వెళ్లి అడిగితే అత్తగారు వింటారు. అందుకే నేను ఇంటి గుమ్మంలో అడగను, అంగన్‌వాడీ దగ్గర కలిసినప్పుడు ఒంటరిగా అడుగుతాను. అందరూ ఇలా చేయరని నాకు తెలుసు. మాకిచ్చే ట్రైనింగ్‌లో ఇది ఒక పాఠంగా ఉండాలి.

తీరం_అమ్మాయి:
అందరికీ ఏమని చెప్పను. వకీలు గారి పోస్టు ప్రింట్ తీసి పర్సులో పెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. పిన్ని గారు ధైర్యం చెప్పారు కాబట్టి మా చెల్లిని తోడు తీసుకెళ్లాను. ప్రింట్ బయటికి తీసే అవసరమే రాలేదు. డాక్టరమ్మ తలుపు వేసి నన్నొక్కదాన్నే అడిగారు, "నీకు వద్దా, ఎవరైనా వద్దంటున్నారా?" అని. నాకే వద్దన్నాను. ఫారం మీద నా సంతకం ఒక్కటే. తొమ్మిది వారాలు దాటలేదు కాబట్టి మాత్రలతోనే అయింది. రెండు వారాల తర్వాత చూపించుకోమన్నారు, వెళ్లాను, అంతా బాగుందన్నారు.

ఆ నర్సింగ్ హోమ్ మీద ఫిర్యాదు చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మా వీధి ఆవిడ ఇంకా ఎవరితోనూ అన్నట్టు లేదు. ఫిర్యాదు చేస్తే మళ్లీ నా పేరు తిరుగుతుందేమోనని భయం.

కోర్టు_మెట్లు:
తొందరేమీ లేదు. చేయదలిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోన్ 15100. మీ పేరు బయటపెట్టకుండా విచారించమని కోరుతూనే జిల్లా వైద్యాధికారికి రాయొచ్చు, ఆ దరఖాస్తు నేను రాసిపెడతాను, ఫీజు వద్దు. ఇంట్లో ఎవరైనా ఇబ్బంది పెడితే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి.

ఏయూ_క్యాంపస్:
నా స్నేహితురాలు రేపు వెళ్తోంది. నేను తోడు వెళ్తున్నాను. ఆమె పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా చేస్తోంది, సెలవు అడిగితే కారణం చెప్పాలా?

నైట్‌డ్యూటీ_నర్సు:
మాత్రలే అయితే రెండు మూడు రోజుల మామూలు సిక్ లీవు చాలు, దానికి కారణం చెప్పక్కర్లేదు. ప్రసూతి ప్రయోజన చట్టంలో (ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది) అబార్షన్‌కి ఆరు వారాల జీతంతో సెలవు ఉంది, కానీ అది తీసుకోవాలంటే ఆఫీసుకి రుజువు ఇవ్వాలి. ఏది కావాలో ఆమెనే నిర్ణయించుకోనీ. రేపు వెళ్లేటప్పుడు స్కానింగ్ రిపోర్టు మరిచిపోవద్దు, కొంచెం తిని వెళ్లమను.